గుల్‌మార్గ్ వాలుల మీద మంచు స్థితిని తెలుసుకోవడం ఎలా: స్కీయింగ్‌కు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

గుల్‌మార్గ్ ప్రయాణం పెట్టుకున్నవారు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న "అక్కడ ఇప్పుడు మంచు ఎంత ఉంది?" అనేదే. దానికి రెండు అడుగులనో ఐదు అడుగులనో జవాబు వస్తుంది, కానీ స్కీలు తొడుక్కుని వాలు మీద నిలబడ్డాక ఆ అంకె పెద్దగా అక్కరకు రాదు. నాలుగు అడుగుల మంచు గడ్డకట్టి స్కీ అంచును లోపలికి దిగనివ్వని రోజులుంటాయి. అడుగున్నర మంచే మెత్తగా, సమంగా పరుచుకుని కొత్తగా నేర్చుకునేవారికి ఎంతో అనువుగా ఉండే రోజులూ ఉంటాయి.

కాబట్టి ఎంత పడింది అన్నదానికంటే, పడిన తరువాత ఆ మంచుకు ఏం జరిగింది అన్నది తెలుసుకోవాలి. చలి, ఎండ, గాలి, మనుషుల రాకపోకలు అనే నాలుగూ దానిని గంటగంటకూ మారుస్తుంటాయి. ఆ మార్పును ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టి వాలు మీద వరకు ఎలా గమనించాలో కింద వరుసగా వివరించాను.

1. ముందుగా ఎత్తులను గుర్తుపెట్టుకోండి

గుల్‌మార్గ్ అంటే ఒకే చోటు కాదు. ఊరు, గొండోలా (పర్వతం మీదికి తీసుకెళ్లే కేబుల్ కార్) కింది స్టేషన్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటాయి. మొదటి దశ గొండోలా సుమారు 3,080 మీటర్ల ఎత్తులోని కొంగ్‌డూరి వరకు, రెండో దశ అఫర్వాట్ పర్వతం మీద దాదాపు 3,950 మీటర్ల వరకు తీసుకెళ్తాయి.

ఎత్తు ప్రతి 1,000 మీటర్లు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఊళ్లో సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు అఫర్వాట్ మీద మైనస్ 8 వరకు ఉండవచ్చు. ఒకే మేఘం ఊళ్లో తడి మంచును, పైన పొడి మంచును కురిపించడం ఈ తేడా వల్లనే జరుగుతుంది. ఎవరు ఏ అంకె చెప్పినా "అది ఏ ఎత్తులో కొలిచినది?" అని అడిగిన తరువాతే దానిని లెక్కలోకి తీసుకోండి.

శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులోనే ఉంది. ఫోన్‌లో శ్రీనగర్‌కు వాన సూచన కనిపించిందని ప్రయాణం మానుకోనవసరం లేదు. ఆ వానే గుల్‌మార్గ్‌లో మంచుగా పడే అవకాశం ఎక్కువ. అయితే ఫిబ్రవరి చివర, మార్చిలో వెచ్చని గాలులు తోడైతే గుల్‌మార్గ్ ఊళ్లో కూడా వాన పడవచ్చు. మంచు మీద పడిన వాన రాత్రికి గడ్డకట్టిందంటే మరునాటి ఉదయం కింది వాలులన్నీ గట్టిగా, జారుడుగా మారిపోతాయి.

2. ప్రయాణ తేదీలు: నెలను మాత్రమే నమ్మవద్దు

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి జనవరి చివరి వరకు ఉండే నలభై రోజుల కఠినమైన చలికాలాన్ని చిల్లై కలాన్ అంటారు. ఆ తరువాత ఇరవై రోజుల చిల్లై ఖుర్ద్, పది రోజుల చిల్లై బచ్చా వస్తాయి. చలి తీవ్రంగా ఉన్నంత మాత్రాన మంచు పడదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమను మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు వస్తేనే ఇక్కడ హిమపాతం ఉంటుంది.

అవి రాని సందర్భాలు ఇటీవల చూశాం. 2024 జనవరిలో చాలా రోజులపాటు గుల్‌మార్గ్ మైదానం మంచు లేకుండా బోసిగా ఉండిపోయింది. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల గుల్‌మార్గ్ పోటీలను మంచు చాలక మార్చికి వాయిదా వేయవలసి వచ్చింది.

అందువల్ల హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నెలల ముందు టికెట్లు తీసుకునేవారు జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న కాలాన్ని ఎంచుకోవడం, తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు తీసుకోవడం, స్కీయింగ్ రోజులకు అదనంగా కనీసం ఒక ఖాళీ రోజు ఉంచుకోవడం మంచిది. భారీ మంచు పడితే టంగ్‌మార్గ్ నుంచి గుల్‌మార్గ్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మీద గొలుసులు కట్టిన వాహనాలను, ఫోర్ బై ఫోర్ వాహనాలను మాత్రమే అనుమతిస్తారు. గాలి బలంగా వీస్తే గొండోలా రెండో దశను ఆపేస్తారు. ఆ ఖాళీ రోజు అలాంటప్పుడు అక్కరకు వస్తుంది.

3. వారం ముందు: ఏడు రోజుల పట్టిక రాయండి

ఈ మొత్తంలో ఎక్కువ మంది చేయకుండా వదిలేసే పని ఇదే. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. ఒక కాగితం మీద రోజుకొక వరుస గీసి, బయలుదేరడానికి వారం ముందు నుంచి ఈ వివరాలు నింపుతూ రండి.

- ఆ రోజు పడిన కొత్త మంచు (సెంటీమీటర్లలో)
- పగటి గరిష్ఠ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలు
- ఎండ ఉందా, మబ్బు పట్టిందా
- గాలి వేగం, అది వీచిన దిక్కు
- వాన పడిందా
- గొండోలా ఏయే దశలు నడిచాయి

భారత వాతావరణ శాఖ శ్రీనగర్ కేంద్రం గుల్‌మార్గ్ ఉష్ణోగ్రతలను, హిమపాతాన్ని రోజూ ప్రకటిస్తుంది. గాలి వివరాలకు, పైఎత్తుల అంచనాలకు పర్వతాల కోసం ప్రత్యేకంగా ఉన్న వాతావరణ సైట్లు చూడవచ్చు. గొండోలా సమాచారం దానిని నడిపే జమ్మూ కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ నుంచి తీసుకోండి.

పట్టిక నిండాక దానిని ఒక క్రమంగా చదవాలి. మూడు రోజుల క్రితం 40 సెంటీమీటర్లు పడి, ఆ తరువాత మబ్బుతో కూడిన చలి కొనసాగితే మంచు ఇంకా మెత్తగా ఉంటుంది. అదే 40 సెంటీమీటర్లు పడి, రెండు రోజులు మంచి ఎండ కాసి, రాత్రుళ్లు మైనస్ 10కి పడిపోయి ఉంటే ఎండ తగిలే వాలుల మీద పైన గట్టి పెంకు ఏర్పడి ఉంటుంది. పడిన మంచు రెండు సందర్భాల్లోనూ ఒకటే అయినా, మీ కాళ్ల కింద తగిలేది మాత్రం ఒకటి కాదు.

లోతు గురించి ఒక మాట. తాజాగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. సాధారణంగా 10 సెంటీమీటర్ల కొత్త మంచు కరిగితే ఒక సెంటీమీటర్ నీరు వస్తుంది. బాగా పొడి మంచైతే అదే నీటికి 15 నుంచి 20 సెంటీమీటర్లు, తడి మంచైతే ఐదారు సెంటీమీటర్లు కావాలి. కొత్త మంచు ఒకటి రెండు రోజుల్లో తన బరువుకు తానే కుంగుతుంది కాబట్టి, నిన్న 60 సెంటీమీటర్లు పడిందంటే మొత్తం లోతు 60 పెరిగిందని కాదు.

4. నివేదికల్లో, గైడ్‌ల నోట వినిపించే మాటలు

పౌడర్: కొత్తగా పడిన, ఎవరూ తొక్కని పొడి మంచు. అఫర్వాట్‌కు విదేశీయులు వచ్చేది దీని కోసమే. లోతైన పౌడర్‌లో స్కీలు మునిగిపోతాయి, అలవాటు లేనివారు పడితే లేవడం కష్టం. ఇది మొదటి రోజు నేర్చుకోవడానికి తగిన మంచు కాదు.

ప్యాక్డ్ పౌడర్, గ్రూమ్డ్: మనుషుల రాకపోకల వల్ల అణగిన మంచు మొదటిది, యంత్రంతో చదును చేసినది రెండోది. కొత్తవారికి రెండూ అనుకూలమే.

హార్డ్‌ప్యాక్, ఐస్: పదే పదే కరిగి గడ్డకట్టిన ఉపరితలం. మలుపు తిరిగేటప్పుడు స్కీ గీరుతున్న చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. అద్దెకు తీసుకునే స్కీల అంచులు మొద్దుబారి ఉంటే దీని మీద నిలవడం కష్టం. తీసుకునేటప్పుడే బొటనవేలి గోరును అంచు మీద అడ్డంగా మెల్లగా రాసి చూడండి. గోరు సన్నగా చెక్కుకుపోతే అంచు పదునుగా ఉన్నట్టు.

క్రస్ట్: పైన పెంకు, కింద మెత్తని మంచు. మీ బరువును ఒక చోట ఆపి, మరో చోట ఆపకుండా విరిగే క్రస్ట్ మోకాళ్లకు ప్రమాదకరం. దీనిని అనుభవజ్ఞులు కూడా తప్పించుకునే ప్రయత్నమే చేస్తారు.

కార్న్, స్లష్: మార్చి మంచు. రాత్రి గడ్డకట్టి పగలు పైపైన కరగడం కొన్ని రోజులు సాగితే మంచు గళ్లుప్పు పలుకుల్లా మారుతుంది. దానిని కార్న్ అంటారు, స్కీయింగ్‌కు చాలా బాగుంటుంది. అదే ఇంకా కరిగి నీళ్లోడితే స్లష్. అందులో స్కీలు పట్టేసినట్టు హఠాత్తుగా ఆగిపోతాయి.

5. ఉదయం వాలు దగ్గర చేయవలసిన పరీక్షలు

పట్టిక చూసి మీరు వేసిన అంచనాను వాలు దగ్గర సరిచూసుకోవాలి. దీనికి పది నిమిషాలు చాలు, ఈ వరుసలోనే చేయండి.

- పిడికిలి పరీక్ష: చేతి తొడుగుతోనే గుప్పెడు మంచు తీసుకుని నొక్కండి. ఉండ కట్టకుండా రాలిపోతే పొడి మంచు, ఉండ కడితే తేమ ఉన్న మంచు, నొక్కినప్పుడు నీరు కారితే తడి మంచు.
- గట్టిదనం: పిడికిలితో మంచులోకి నెట్టండి. అది దిగకపోతే నాలుగు వేళ్లు, తరువాత ఒక వేలు, ఆపై పెన్సిల్ మొన ప్రయత్నించండి. పెన్సిల్ కూడా కష్టంగా దిగితే అది మొదటి రోజు నేర్చుకునేవారికి తగిన వాలు కాదు.
- పొరలు: స్కీ కర్రను తిరగేసి పిడి వైపు నుంచి నెమ్మదిగా లోపలికి గుచ్చండి. మొదట ఆగి, తరువాత ఒక్కసారిగా దిగిపోతే పైన గట్టి పొర, కింద బలహీనమైన పొర ఉన్నట్టు.
- వెలుతురు: మబ్బు కమ్మి నీడలు పడని రోజు ఎత్తుపల్లాలు కంటికి తెలియవు. పసుపు లేదా గులాబీ రంగు అద్దాల గాగుల్స్ కొంత సహాయపడతాయి. చెట్లు ఉన్న దిగువ వాలులకు వెళ్తే ఇంకా మేలు.
- అడిగి తెలుసుకోవడం: నిన్న అక్కడే తిరిగిన శిక్షకుడిని "ఈరోజు ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తగా ఉంది?" అని అడగండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్న జవాబే వస్తుంది.

మొదటిసారి స్కీలు తొడుక్కునేవారు గుల్‌మార్గ్ ఊళ్లోని బేబీ స్లోప్స్ (కొత్తవారి కోసం ఉన్న తక్కువ వాలులు) మీదనే మొదలుపెట్టాలి. గొండోలా రెండో దశ ఎక్కి పైనుంచి దిగుదామన్న ఆలోచన, మంచు ఎంత బాగున్నా, వారికి తగదు.

6. గంటను, దిక్కును బట్టి వాలును ఎంచుకోవడం

తూర్పు ముఖంగా ఉన్న వాలుకు ఎండ ముందు తగులుతుంది, దక్షిణపు వాలుకు రోజంతా తగులుతుంది, పడమటి వాలు మధ్యాహ్నం తరువాత మెత్తబడుతుంది. ఉత్తరపు వాలు మీద మాత్రం చలికాలంలో పొడి మంచు చాలా రోజులు నిలుస్తుంది. గుల్‌మార్గ్ వైపు దిగే అఫర్వాట్ వాలులు ప్రధానంగా తూర్పు, ఈశాన్య ముఖంగా ఉంటాయి.

జనవరిలో ఈ తేడా కొద్దిగానే తెలుస్తుంది. మార్చిలో మాత్రం రోజు ప్రణాళిక అంతా దీని మీదే ఆధారపడుతుంది. తెల్లవారగానే వెళ్తే గట్టి మంచు మీద జారి దెబ్బలు తగులుతాయి. ఉపరితలం ఒకటి రెండు సెంటీమీటర్లు మెత్తబడే వరకు ఆగి, తూర్పు వాలుతో మొదలుపెట్టి, అడుగు వేస్తే బూటు చీలమండ దాకా దిగిపోయే స్థితి రాకముందే ముగించాలి. సాయంత్రం నీడ పడగానే తడి మంచు తిరిగి గడ్డకడుతుంది కాబట్టి ఆఖరి దిగుడును వీలైనంత త్వరగా ముగించండి.

ఎండ రోజుల్లో మరో జాగ్రత్త ఉంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు పది శాతం పెరుగుతుంది, పైగా తాజా మంచు వాటిలో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. కళ్లకు, గడ్డం కింది భాగానికి కూడా రక్షణ తప్పనిసరి.

7. గాలి, పొరలు, మంచుచరియలు

గుల్‌మార్గ్‌లో ప్రాణాలకు సంబంధించిన విషయం ఇది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ ప్రాంతంలో మంచుచరియలు విరిగిపడి పోలండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు మరణించారు. 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయర్ ప్రాణాలు కోల్పోయాడు.

మంచుచరియలు ఎందుకు విరుగుతాయో తెలిస్తే మీ పట్టికలోనే హెచ్చరికలు కనిపిస్తాయి. మంచు పలచగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి, రాత్రుళ్లు బాగా చల్లబడితే, నేల వెచ్చదనానికీ పైచలికీ మధ్య తేడా వల్ల మంచు లోపలి పలుకులు పెద్దవై ఒకదానికొకటి అతుక్కునే గుణం కోల్పోతాయి. పొడిగా గడిచిన జనవరి ఇలాంటి బలహీనమైన పొరను తయారుచేస్తుంది. దాని మీద ఫిబ్రవరిలో ఒక్కసారిగా భారీ మంచు పడితే, కింద పట్టు లేని ఆ బరువు చిన్న ఒత్తిడికే పలకలా జారిపోతుంది. ఆ ఒత్తిడి ఒక స్కీయర్ బరువే కావచ్చు. మంచు లేక బాధపడిన ఏడాదిలో ఆలస్యంగా వచ్చిన తొలి భారీ హిమపాతాన్ని అందుకే అనుమానంగా చూడాలి.

రెండో కారణం గాలి. ఇక్కడ తుపాను గాలులు ఎక్కువగా పడమటి నుంచి వీస్తాయి. అవి శిఖరం అవతలి మంచును ఊడ్చి తెచ్చి ఇవతలి తూర్పు వాలుల మీద పోస్తాయి. ఆకాశం నుంచి 20 సెంటీమీటర్లే పడినా, గాలి చాటున ఉన్న గుంతల్లో దానికి కొన్ని రెట్లు పేరుకోవచ్చు. శిఖరం అంచు నుంచి మంచు పొగ లేస్తూ కనిపిస్తే ఆ పని అప్పుడే జరుగుతున్నదని అర్థం.

వాలు కోణం కూడా చూడాలి. మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద మొదలవుతాయి. స్కీ కర్రను వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి, కోణం చూపే యాప్‌తో కొలవవచ్చు. మీరున్న చోటు చదునుగానే ఉన్నా, పైన నిటారు వాలు ఉంటే ఆ ముప్పు మీకూ ఉన్నట్టే.

చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్) సంస్థ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. వీటిని జిల్లాల వారీగా ప్రకటిస్తారు కాబట్టి గుల్‌మార్గ్ పేరు కోసం కాక బారాముల్లా జిల్లా పేరు కోసం వెతకండి. ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు ఉంటుంది. స్థాయి 3 మధ్యస్థం అనుకుని తేలికగా తీసుకోవద్దు; ఆ స్థాయిలోనే నిటారు వాలుల మీద మనిషి బరువుకు చరియ విరిగే అవకాశం బాగా ఉంటుంది.

గొండోలాకు దగ్గరలో స్కీ పాట్రోల్ (వాలుల భద్రత చూసే) సిబ్బంది పరిశీలించి, అవసరమైతే పేలుడు పదార్థాలతో చరియలను ముందే విరగ్గొట్టి, తెరిచే ప్రాంతం ఒకటుంది. ఆ హద్దు దాటితే అఫర్వాట్ మొత్తం అదుపులేని పర్వతమే.

హద్దు దాటకూడని రోజులు ఇవి:

- గత 24 గంటల్లో 30 సెంటీమీటర్లు లేదా అంతకుమించి మంచు పడినప్పుడు, ఆ తరువాతి ఒకటి రెండు రోజులు
- బలమైన గాలి వీచిన మరునాడు
- ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగినప్పుడు, లేదా మంచు మీద వాన పడినప్పుడు
- చుట్టుపక్కల కొత్తగా విరిగిన చరియల గుర్తులు కనిపించినప్పుడు
- అడుగు వేస్తే మంచు "వుమ్" అని కుంగినా, స్కీల ముందు పగుళ్లు పరుగెత్తినా

మిగిలిన రోజుల్లో సైతం స్థానిక గైడ్, ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవారి జాడ తెలిపే రేడియో పరికరం), సంచిలో ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార లేకుండా హద్దు దాటవద్దు. మంచు కింద చిక్కుకున్నవారు బతికే అవకాశం మొదటి పావుగంట దాటాక వేగంగా పడిపోతుంది. రక్షణ బృందం వచ్చేలోగా తవ్వి తీయగలిగేది తోటివారే కాబట్టి, ఆ పరికరాలు వాడటం ముందుగా సాధన చేసి ఉండాలి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

అందరి జాడలూ ఉన్నాయని వెళ్లడం: నిన్న పది మంది దిగిన వాలు ఈరోజు విరగవచ్చు. జాడను కాక వాలు కోణాన్ని, నిన్నటి గాలిని చూసి నిర్ణయించుకోండి.

తుపాను తరువాతి మొదటి ఎండ రోజున తొందరపడటం: మనసు లాగేదీ, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ రోజే. ఆ రోజును హద్దు లోపల గడపండి.

పాత వీడియోలను నమ్మడం: వారం క్రితం వీడియోకూ ఈరోజు మంచుకూ సంబంధం లేదు. తేదీ, ఎత్తు తెలియని వీడియోను పక్కన పెట్టండి.

గట్టి మంచు మీద వెనక్కి వాలడం: భయంతో చేసే పని ఇది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం పట్టు వదిలేస్తుంది. మోకాళ్లు వంచి, కాలి ముందు ఎముక బూటు నాలుకకు ఆనేలా ముందుకు ఒరగాలి. అప్పటికీ నిలవలేకపోతే వాలుకు అడ్డంగా జారుతూ దిగి, తక్కువ వాలుకు మారండి.

ఫోన్‌ను నమ్ముకుని వెళ్లడం: ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు కశ్మీర్‌లో పనిచేయక వాతావరణ సూచనలు చూడలేకపోయినవారు చాలామంది. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకెళ్లండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్‌ను లోపలి జేబులో ఉంచండి.

9. అమెరికాలో స్కీయింగ్‌కు వెళ్లే తెలుగువారికి

సియాటెల్ నుంచి స్నోక్వాల్మీకి, బే ఏరియా నుంచి లేక్ టాహోకు వెళ్లేవారికీ ఈ పద్ధతే వర్తిస్తుంది, కొన్ని మార్పులతో. అక్కడ అంకెలు అంగుళాల్లో ఉంటాయి. ఒక అంగుళం రెండున్నర సెంటీమీటర్లు. పసిఫిక్ మహాసముద్రపు తేమ వల్ల మంచు తరచుగా బరువుగా, తడిగా ఉంటుంది, స్నోక్వాల్మీ ఎత్తు తక్కువ కావడంతో చలికాలం మధ్యలోనూ వాన పడుతుంది. అందువల్ల సూచనలో మంచు అంగుళాలకంటే ముందు గడ్డకట్టే ఎత్తు (ఉష్ణోగ్రత సున్నాకు చేరే ఎత్తు) ఎంత అన్నది చూడండి.

రాత్రి ఏయే వాలులను యంత్రంతో చదును చేశారో అక్కడి రిసార్టులు ఉదయమే జాబితా ఇస్తాయి. కొత్తవారు ఆ జాబితాలోని సులువైన వాలులతో మొదలుపెట్టవచ్చు. యంత్రాలతో మంచు తయారుచేసే చోట్ల అది సహజ మంచుకంటే బరువుగా, గట్టిగా ఉంటుంది. హద్దు దాటే ఆలోచన ఉన్నవారు స్నోక్వాల్మీ వైపు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, టాహో వైపు సియెర్రా అవలాంచ్ సెంటర్ ఇచ్చే రోజువారీ నివేదికను ఆ ఉదయమే చదవాలి.

10. రోజు ముగిశాక

గదికి చేరగానే బూట్ల లోపలి భాగాన్ని, చేతి తొడుగులను ఆరబెట్టండి. తడిసిన తొడుగు మరునాడు మైనస్ 10లో వేళ్లకు హాని చేస్తుంది. తరువాత మీ పట్టికలో ఆ రోజు వరుస నింపి, ఉదయం మీరు అనుకున్నదానికీ వాలు మీద చూసినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో పక్కనే రాయండి. రాత్రి సూచనలో గాలి, ఉష్ణోగ్రత, కొత్త మంచు చూసి మరునాటికి రెండు ప్రణాళికలు సిద్ధం చేసుకోండి: గొండోలా రెండో దశ నడిస్తే ఒకటి, నడవకపోతే మరొకటి.